అమ్మ కార్డు ఇచ్చేసింది, పాప కార్డు ఎవరి దగ్గరుండాలి?

ప్రశ్న: అమ్మా, మాది మదనపల్లె దగ్గర పల్లె. పాతికేళ్లుగా బెంగళూరులో కుందలహళ్లి గేటు దగ్గర ఉంటున్నాం. మా అమ్మాయి, అల్లుడు టెక్సస్‌లో ఉంటారు. 2020లో వాళ్లిద్దరికీ, మా మనవరాలికీ గ్రీన్ కార్డులు వచ్చాయి. కిందటేడు అమ్మాయికి రెండో కాన్పు. డాక్టరు మంచం దిగొద్దన్నారు. పురిటికి నేను వెళ్లాల్సింది, కానీ సరిగ్గా అప్పుడే మా ఆయనకి బైపాస్ అయింది. పెద్దదాన్ని చూసుకునే మనిషి లేక జూన్ 9న పాపని మా దగ్గరికి పంపారు. ఇక్కడే ఎనిమిదో తరగతిలో చేరింది. సెప్టెంబరులో అక్కడ మనవడు పుట్టాడు. ఈ జనవరిలో మా అమ్మాయి అమెరికా పౌరురాలిగా ప్రమాణం చేసింది. అక్కడే తన గ్రీన్ కార్డు తీసేసుకున్నారట. 'పాప కూడా ఆటోమేటిక్‌గా సిటిజన్ అయిపోయిందమ్మా, తొందరేం లేదు, టెన్త్ దాకా నీ దగ్గరే ఉంచుకో' అంటోంది. అల్లుడు మాట్లాడిన ఏజెంటేమో పాప పేరున పౌరసత్వ సర్టిఫికెట్ కోసం ఎన్-600 అనే ఫారం వెయ్యాలి, పాప గ్రీన్ కార్డూ ఇండియన్ పాస్‌పోర్టూ కొరియర్‌లో పంపండి అంటున్నాడు. తల్లి కార్డు లేకపోతే పాప అప్లికేషన్ చెల్లుతుందా? పాప కార్డు పంపమంటారా? ఇంకో చిన్న సంగతి. ఊళ్లో రెండెకరాలు పాపకి రాసిద్దామని మా ఆయన కోరిక. పౌరసత్వం మారితే కుదురుతుందా? పాపకి మే 17తో పద్నాలుగు నిండుతాయి. పేరు వెయ్యొద్దు.
— ఒక అవ్వ, బెంగళూరు

జవాబు: అక్కా, ముందు కొరియర్ సంగతి. ఆ కార్డు పంపకండి. ఇవాళే కవరులో పెట్టి ఉంటే వెనక్కి తీయండి. మిగతాది నింపాదిగా చదువుకోవచ్చు.

ఎందుకంటే ఇప్పుడు పాప అమెరికా విమానం ఎక్కాలంటే చేతిలో రెండే రెండు ఉన్నాయి. ఇండియన్ పాస్‌పోర్టు, గ్రీన్ కార్డు. ఈ రెండూ టెక్సస్‌లో ఏజెంటు సొరుగులో ఉంటే బెంగళూరు ఎయిర్‌పోర్టు కౌంటర్లో పాపని ఆపేస్తారు. ఆ తర్వాత కార్డు లేకుండా విమానం ఎక్కించుకునే అనుమతి కోసం ఐ-131ఎ అని ఇంకో ఫారం, దానికి ఇంకో ఫీజు. పైగా ఎన్-600తో పంపాల్సింది జిరాక్సులే. ఒరిజినల్స్ ఇంటర్వ్యూకి పిలిస్తే చూపించాలి. ఒరిజినల్ కొరియర్ చెయ్యమన్న మనిషికి ఆ ఫారం ఎంతవరకు తెలుసో నాకు అనుమానమే.

ఇక అసలు చిక్కు. మీ అమ్మాయి చెప్పేది సగం నిజం. తల్లో తండ్రో అమెరికా పౌరులైతే పద్దెనిమిది నిండని పిల్లలు ఏ అప్లికేషనూ లేకుండానే పౌరులైపోయే చట్టం ఉంది. 2000లో చేశారు, 2001 ఫిబ్రవరి 27 నుంచి అమల్లోకి వచ్చింది. కానీ దానికి షరతులున్నాయి. పాపకి గ్రీన్ కార్డు ఉండాలి, ఉంది. పద్దెనిమిది నిండకూడదు, నిండలేదు. పౌరురాలైన తల్లి సంరక్షణలో, ఆవిడతోపాటు, అమెరికాలో నివాసం ఉండాలి. ఇది లేదు. ఈ మూడూ ఒకే సమయంలో కుదరాలి. జనవరిలో మీ అమ్మాయి చెయ్యెత్తి ప్రమాణం చేసిన రోజున పాప ఎక్కడుంది? మీ పక్కన పడుకుని, పొద్దున లేచి కుందలహళ్లిలో బడికి వెళ్లింది. నెల రోజులు సెలవులకి వచ్చి ఉంటే ఇల్లు అక్కడే, ఇక్కడికి చుట్టపుచూపుగా వచ్చిందని చెప్పుకోవచ్చు. బడిలో చేర్చి ఎనిమిది నెలలు ఉంచాక ఆ మాట నిలవదు. అందుకే నా లెక్కలో పాప ఇవాళ్టికి అమెరికా పౌరురాలు కాదు. గ్రీన్ కార్డున్న భారతీయ పౌరురాలు, అంతే.

అంటే తొందర లేదన్న మాట తప్పు. తొందర ఉంది, దానికి తేదీ కూడా ఉంది. జూన్ 9.

గ్రీన్ కార్డు మీద బయటికి వచ్చిన మనిషి ఏడాది దాటకుండా తిరిగి వెళ్తేనే ఆ కార్డు లోపలికి వెళ్లే పత్రంగా పనికొస్తుంది. ఏడాదికి మించి బయట ఉండాల్సి వస్తే బయల్దేరకముందే, అమెరికాలో ఉండగానే రీఎంట్రీ పర్మిట్‌కి పెట్టుకోవాలి. అది రెండేళ్ల దాకా ఇస్తారు. ఇక్కడికొచ్చాక పెట్టుకోవడానికి వీల్లేదు. మీవాళ్లు పెట్టారని మీరు రాయలేదు కాబట్టి పెట్టలేదనే అనుకుంటున్నాను. మీ అమ్మాయి అన్నట్టు టెన్త్ దాకా, అంటే ఇంకో రెండేళ్లు ఉంచారనుకోండి. తిరిగి వెళ్లడానికి కాన్సులేట్లో ఎస్‌బీ-1 అనే వీసా అడగాలి. మా చేతుల్లో లేని కారణం వల్ల ఆగిపోయాం, తిరిగి వెళ్లాలనే ఉద్దేశం ఎప్పుడూ ఉంది అని రుజువు చెయ్యాలి. 'టెన్త్ పూర్తి చేద్దామనుకున్నాం' అన్నది చేతుల్లో లేని కారణం కింద చెల్లదు. అది కాకపోతే తల్లి కూతురికోసం మొదటినుంచీ పిటిషన్ వేసుకోవాలి. ఉన్న కార్డుని చేజేతులా పోగొట్టుకుని మళ్లీ లైన్లో నిలబడడమన్నమాట.

పాప మీ దగ్గర ఉండడం మీకెంత సంతోషమో నాకు తెలియంది కాదు. బైపాస్ అయిన ఇంట్లో ఒక పిల్ల తిరుగుతుంటే ఆ ఇంటి తీరే వేరు. అందుకే మీ అమ్మాయి మాట మీకు తియ్యగా వినిపించి ఉంటుంది. నా మాట చేదుగా ఉంటుంది, ఏమనుకోవద్దు.

నేను లాయర్ని కాదు. మిషిగన్‌లో పదహారేళ్లు ఉండి, 2016లో మల్లేశ్వరం వచ్చేసిన రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్‌ని. ఈ తేదీల విషయంలో నేను ఇంత కటువుగా మాట్లాడడానికి కారణం ఉంది. మాకు 2004లో గ్రీన్ కార్డులొచ్చాయి. 2009లో పౌరసత్వానికి వేసుకోవచ్చు. ఐదేళ్లు నిండడానికి తొంభై రోజుల ముందే వేసుకోవచ్చు కూడా. నేను వెయ్యలేదు. అమ్మకి ఒంట్లో బాగోలేక విజయవాడకీ డెట్రాయిట్‌కీ తిరుగుతున్నాను. ఫారం నింపి పెట్టాను, ఫొటోలు దిగి పెట్టాను, అది వంటింట్లో బిస్కట్ డబ్బాలో ఉండిపోయింది. చివరికి ఆ ఏడాది నవంబరులో పంపాను. ప్రమాణానికి పిలుపు వచ్చేసరికి 2010 జూలై. మావాడికి మే నెలాఖరులో పద్దెనిమిది నిండిపోయాయి. నలభై ఒక్క రోజుల తేడా. నేను హాల్లో జెండా పట్టుకుని బయటికొచ్చాను, వాడు అదే గ్రీన్ కార్డుతో కార్ పార్కింగ్‌లో నించుని ఉన్నాడు. తర్వాత వాడు సొంతంగా పౌరసత్వానికి ఎన్-400 అనే ఫారం వేసుకుని, వేలిముద్రలు ఇచ్చి, పరీక్ష రాసి, వేరే ఫీజు కట్టి పౌరుడయ్యాడు. ఇప్పటికీ ఏదైనా ఆలస్యం చేస్తే 'నలభై ఒకటి' అంటాడు. ఆ బిస్కట్ డబ్బా ఇప్పటికీ నా దగ్గరుంది, ఇంటి కాగితాలన్నీ అందులోనే.

మీ లెక్కకి వద్దాం. వార్షిక పరీక్షలు మార్చిలో అయిపోతాయి కదా. ఏప్రిల్‌లో పంపెయ్యండి. దానివల్ల ఇంకో లాభం ఉంది. గ్రీన్ కార్డున్న పిల్లలకి పద్నాలుగు నిండితే ముప్ఫై రోజుల్లోగా ఐ-90 అనే ఫారం వేసి, వేలిముద్రలిచ్చి, కార్డు మార్పించుకోవాలి. పాపకి మే 17న ఆ వయసొస్తుంది. దానికి ముందే వెళ్లి తల్లి దగ్గర స్థిరపడి పౌరురాలైపోతే ఇక ఆ ఫారంతో పనే లేదు. పౌరురాలికి గ్రీన్ కార్డు మార్పు ఎందుకు?

ఎవరు తీసుకెళ్లాలి అన్నది మీరు అడగలేదు గానీ, నేనే చెప్తాను. అల్లుడు రావడం మేలు. ఆయన ఇంకా గ్రీన్ కార్డు మీదే ఉన్నాడు, ఇండియన్ పాస్‌పోర్టుతో హాయిగా వచ్చి పోవచ్చు. మీ అమ్మాయి అలా రాకూడదు. మన 1955 పౌరసత్వ చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం, మన ఇష్టంతో వేరే దేశం పౌరసత్వం తీసుకున్న క్షణాన భారత పౌరసత్వం పోయినట్టే. ఎవరూ కాగితం ఇవ్వక్కర్లేదు, ఎవరూ రద్దు చెయ్యక్కర్లేదు. పాస్‌పోర్టు మీద ఇంకా ఆరేళ్లు గడువుంది కదా అని దానిమీద ప్రయాణం చేస్తే నేరం. నా ఎరుకలోనే ఇద్దరు ముగ్గురు 'ఒక్కసారికి ఏమవుతుందిలే' అని వచ్చి, తర్వాత పాస్‌పోర్టు సరెండర్ చేసేటప్పుడు ఆ స్టాంపు బయటపడి జరిమానా కట్టారు. ఆవిడ అమెరికా పాస్‌పోర్టు తీసుకుని, ఇండియన్ పాస్‌పోర్టు సరెండర్ చేసి, తర్వాత ఓసీఐకి, అంటే వేరే దేశం పౌరులైన భారత సంతతివాళ్లకి మన ప్రభుత్వం ఇచ్చే కార్డుకి, పెట్టుకోవాలి. చంటిపిల్లాడితో ఏప్రిల్‌కల్లా ఇవన్నీ అవుతాయని నాకు నమ్మకం లేదు. అల్లుడొస్తే తల్లి సంతకం చేసి నోటరీ చేయించిన సమ్మతి లేఖ ఒకటి పంపమనండి. తండ్రే అయినా, ఒక్కరితో పిల్ల వెళ్తున్నప్పుడు ఆ కాగితం ఉంటే మంచిది.

ఆరు నెలలు దాటింది కాబట్టి అక్కడ దిగాక ఇమిగ్రేషన్ ఆఫీసరు ప్రశ్నలడగచ్చు. ఇన్నాళ్లు ఎందుకున్నారు, బడిలో ఎందుకు చేరింది అని. ఉన్నదున్నట్టు చెప్పడమే. తల్లికి డాక్టరు ఇచ్చిన బెడ్ రెస్ట్ కాగితం, తమ్ముడి బర్త్ సర్టిఫికెట్, మీ ఆయన బైపాస్ డిశ్చార్జ్ సమ్మరీ, టెక్సస్ ఇంటి అద్దె అగ్రిమెంటు, అక్కడి పాత బడి కాగితాలు. ఇవన్నీ ఒక ఫైల్లో పెట్టి చేతిసంచిలో పెట్టుకోమనండి, సూట్‌కేసులో కాదు. మీ కథలో దాచాల్సింది ఏమీ లేదు, అది మీ అదృష్టం. ఒకవేళ ఐ-407 అని ఫారం చూపించి సంతకం పెట్టమంటే పెట్టొద్దనండి. అది గ్రీన్ కార్డు వదులుకుంటున్నామని మన నోటితో ఒప్పుకునే కాగితం. జడ్జి ముందు చెప్పుకునే హక్కుంటుంది.

పాప వెళ్లి తల్లి ఇంట్లో ఉండడం మొదలయ్యాక ఆ మూడు షరతులూ కుదురుతాయి. ఆ రోజు నుంచి పౌరురాలు. ఏ ఆఫీసూ సర్టిఫికెట్ ఇవ్వకపోయినా సరే. కానీ ఆ రోజు ఏదో రేపు రుజువు చెయ్యాలి కాబట్టి పాస్‌పోర్టులో పడే స్టాంపు, బోర్డింగ్ పాసు, అక్కడి బడిలో చేర్చిన కాగితం, అందులో తల్లి చిరునామా, ఇవి జాగ్రత్త చెయ్యమనండి. పిల్లలు బోర్డింగ్ పాసుల్ని పుస్తకాల్లో బుక్‌మార్కులుగా వాడేస్తారు, కనిపెట్టండి.

ఇప్పుడు తల్లి కార్డు. ప్రమాణం రోజున గ్రీన్ కార్డు తిరిగి ఇచ్చెయ్యడం అందరూ చేసేదే, మీ అమ్మాయి పోగొట్టుకున్నదేమీ లేదు. ఆ కార్డు మీద ఉండే ఏ-నంబరు ఆవిడకిచ్చిన నాచురలైజేషన్ సర్టిఫికెట్ మీద కూడా ఉంటుంది. పాప అప్లికేషన్‌కి కావలసింది ఆ సర్టిఫికెట్టే, పాత కార్డు కాదు. దానిమీద 'కాపీ తీస్తే శిక్ష' అన్నట్టు ఒక హెచ్చరిక ఉంటుంది. అది చూసి చాలామంది జిరాక్స్ తియ్యడానికి కూడా భయపడతారు. నేనూ భయపడ్డాను. న్యాయమైన పనికి, అంటే ఇలాంటి అప్లికేషన్లకి కాపీ తియ్యడంలో తప్పు లేదు. దొంగ సర్టిఫికెట్లు చేసేవాళ్ల కోసం ఆ మాట.

పాపకి మొదట పాస్‌పోర్టా, ఎన్-600నా? నన్నడిగితే ముందు పాస్‌పోర్టు. పదహారు లోపు పిల్లలకి డీఎస్-11 ఫారం, ఫీజు 100 డాలర్లు, తీసుకునే ఆఫీసుకి 35. పాపని తీసుకుని తల్లిదండ్రులిద్దరూ వెళ్లాలి. పాప గ్రీన్ కార్డు, బర్త్ సర్టిఫికెట్, తల్లి నాచురలైజేషన్ సర్టిఫికెట్, వాళ్ల పెళ్లి సర్టిఫికెట్ ఒరిజినల్స్ అక్కడ ఇవ్వాలి, తర్వాత తిరిగొస్తాయి. అందుకే పాప కార్డు రెండువైపులా ముందే కాపీ తీసి పెట్టుకోమనండి. ఎన్-600 అంటే పౌరసత్వ సర్టిఫికెట్. 2024 ఏప్రిల్ నుంచి ఆన్‌లైన్లో వేస్తే 1,335 డాలర్లు, కాగితం మీద 1,385. పదింతలు. అయినా ఎప్పటికైనా తీసుకోమనే నేను అంటాను. పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్లకే అయిపోతుంది, సర్టిఫికెట్‌కి గడువు లేదు. పాపకి ముప్ఫై ఏళ్లొచ్చాక తల్లి కాగితాలు ఎక్కడున్నాయో వెతుక్కోవడం కన్నా ఇది నయం. దానికి వయసు పరిమితి లేదు, డబ్బులున్నప్పుడు వేసుకోవచ్చు. ఆ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు పాప గ్రీన్ కార్డు కూడా తీసేసుకుంటారు. అప్పటిదాకా అది పాప దగ్గరే, అంటే ఇప్పటికి మీ బీరువాలో.

ఇప్పుడే, పాప ఇక్కడుండగానే ఎన్-600 వేస్తే? నివాసం షరతు కుదరలేదు కాబట్టి తిరస్కరిస్తారు, ఫీజు పోతుంది. ఒకసారి తిరస్కరిస్తే రెండోసారి కొత్త ఎన్-600 తీసుకోరు, పాత ఫైలు తెరవమని వేరే అర్జీ పెట్టుకోవాలి. విదేశాల్లో ఉండే పిల్లలకి ఎన్-600కె అని ఇంకొకటి ఉంది గానీ, అది పిల్లలు పౌరుడైన తల్లితోనో తండ్రితోనో బయటి దేశంలో ఉంటున్న ఇళ్లకి. మీ ఇంటికి నప్పదు. ఏజెంటు ఆ పేరు ఎత్తితే మర్యాదగా వద్దనండి.

మీ ఉత్తరంలో లేని ఒక సంగతి నాకు గుచ్చుకుంటోంది. పాప బర్త్ సర్టిఫికెట్ ఒకసారి బయటికి తీసి చూడండి. బెంగళూరులో పుట్టిందనుకుంటున్నాను. మనవాళ్లలో చాలామంది ఆస్పత్రిలో పుట్టగానే రిజిస్టర్ చేయించేస్తారు, బారసాలకి ముందే. సర్టిఫికెట్లో తల్లి పేరు, తండ్రి పేరు ఉంటాయి, బిడ్డ పేరు గడి ఖాళీగా ఉంటుంది. అలాంటి కాగితం అక్కడ పనికిరాదు. పుట్టిన పదిహేనేళ్లలోగా అయితే రిజిస్ట్రార్ దగ్గర ఆలస్య రుసుం కట్టి పేరు చేర్పించుకోవచ్చు. పాపకి ఇంకా పద్నాలుగు నిండలేదు, కాబట్టి దారి ఉంది. ఇంటిపేరు సంగతి కూడా చూడండి. సర్టిఫికెట్లో తండ్రి పేరుకి ముందు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, తల్లికి పుట్టింటి ఇంటిపేరు. మనకి ఇది మామూలే, వాళ్లకి ముగ్గురు వేరు వేరు మనుషులు. మా పెళ్లి సర్టిఫికెట్లో నా పేరు ఒకలా, డిగ్రీలో ఒకలా ఉంటే అఫిడవిట్లు రాయించడానికే నాకు ఒక వేసవి సరిపోయింది. ఈ పనులు బెంగళూరులో అయ్యేవి, మార్చిలోనే మొదలుపెట్టండి. పాప చదువుకుంటున్నప్పుడు మీరు చెయ్యగల సాయం ఇదే.

అక్కడ పౌరురాలయ్యాక పాప ఇండియన్ పాస్‌పోర్టు కూడా సరెండర్ చేసి, ఓసీఐ తీసుకోవాలి. మైనరు కాబట్టి అమ్మానాన్న ఇద్దరి సంతకాలూ ఉంటాయి. ఓసీఐ ఉంటే ప్రతి వేసవికీ వీసా గొడవ లేకుండా మీ దగ్గరికి రావచ్చు, ఇక్కడ బడిలో చేర్చినా విదేశీయుల రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఇరవై ఏళ్లు నిండేదాకా కొత్త పాస్‌పోర్టు తీసుకున్నప్పుడల్లా ఆ కాపీ, ఫొటో వెబ్‌సైట్లో ఎక్కించాలి, దానికి ఫీజు లేదు. మీ అమ్మాయి మాట ప్రకారం టెన్త్ ఇక్కడే చదవాలంటే, పౌరసత్వం స్థిరపడి, అమెరికా పాస్‌పోర్టు, ఓసీఐ చేతికొచ్చాక వచ్చి చదువుకోమనండి. అప్పుడు ఎన్నేళ్లున్నా అక్కడి హక్కు ఎక్కడికీ పోదు. ముందు వెళ్లాలి, తర్వాత రావాలి. ఆ వరస తిప్పితేనే ముప్పు.

రెండెకరాల సంగతి. ఓసీఐ ఉన్నవాళ్లు పొలం కొనకూడదు, గిఫ్ట్ డీడ్ ద్వారా కూడా తీసుకోకూడదు. కానీ వారసత్వంగా రావచ్చు. అందుకని బావగారిని వీలునామా రాయమనండి. ఇల్లు, ఫ్లాటు లాంటివాటికి ఈ పేచీ లేదు.

ప్రశ్న: మా బాబు అమెరికాలో పుట్టాడు, అక్కడి పాస్‌పోర్టు. మేమిద్దరం ఇండియన్ పౌరులమే. రెండేళ్ల క్రితం హొరమావు వచ్చేశాం. బాబు ఎంట్రీ వీసా మీద ఉన్నాడు, ఎఫ్ఆర్ఆర్‌ఓ (విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆఫీసు) ఇచ్చిన పర్మిట్ ఏప్రిల్ 30తో అయిపోతుంది. ఓసీఐకి ఇప్పుడే అప్లై చేశాం. ఎలాగూ ఓసీఐ వస్తుంది కదా, మళ్లీ పర్మిట్ పొడిగింపుకి ఖర్చు పెట్టాలా?
— ఒక తండ్రి, బెంగళూరు

జవాబు: పెట్టాలి బాబూ. ఓసీఐ అప్లికేషన్ రసీదు ఇక్కడ ఉండడానికి అనుమతి కాదు. అది చేతికొచ్చేదాకా బాబుని నిలబెట్టేది ఆ వీసా, ఆ పర్మిట్టే. ఏప్రిల్ 30 దాటాక ఒక్క రోజైనా ఓవర్‌స్టే కిందే లెక్క. మధ్యలో అత్యవసరంగా ప్రయాణం పడితే ఎగ్జిట్ పర్మిట్ కోసం తిరగాలి. 2025 సెప్టెంబరు 1 నుంచి పాత విదేశీయుల చట్టాల స్థానంలో ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం ఒక్కటే అమల్లో ఉంది కాబట్టి, ఇంటర్నెట్లో కనిపించే పాత నియమాల్ని పట్టుకుని ధీమాగా ఉండకండి. పొడిగింపు ఆన్‌లైన్లో ఇ-ఎఫ్ఆర్ఆర్‌ఓలోనే పెట్టొచ్చు, గడువుకి ముందే పెట్టండి. శాంతినగర్ బస్టాండు బిల్డింగులో ఉన్న ఆఫీసుకి ఓసీఐ ఒరిజినల్స్ చూపించడానికి పిలిచినప్పుడు ఈ పర్మిట్ కాపీ కూడా తీసుకెళ్లండి. ఓసీఐకి రూ. 15,000 కట్టాను కదా, మళ్లీ ఇదేంటి అని మీ బాధ. నాకు అర్థమైంది. అయినా కట్టెయ్యండి.

ప్రశ్న: మా అక్కాబావలు సింగపూర్ పౌరసత్వం తీసుకున్నాక మా మేనల్లుడు పుట్టాడు. ఇప్పుడు చెన్నైలో మా ఇంట్లో ఉండి చదువుకుంటున్నాడు, ఓసీఐ ఉంది. పద్దెనిమిది నిండిన ఏడాదిలోగా డిక్లరేషన్ ఇస్తే ఇండియన్ పౌరసత్వం తిరిగొస్తుందని ఎవరో చెప్పారు. నిజమేనా?
— ఒక మేనమామ, కోడంబాక్కం

జవాబు: అది మన 1955 పౌరసత్వ చట్టంలో ఎనిమిదో సెక్షన్. తల్లిదండ్రులు డిక్లరేషన్ ఇచ్చి భారత పౌరసత్వాన్ని తామే వదులుకుంటే, దానితో పాటు పోగొట్టుకున్న పిల్లలకి ఆ వెసులుబాటు. మీ అక్కాబావలు వేరే దేశం పౌరసత్వం తీసుకోవడం వల్ల పోయింది, అది తొమ్మిదో సెక్షన్. సరిగ్గా ఇలాంటి సింగపూర్ కేసే మద్రాసు హైకోర్టులో గెలిచి, 2024 అక్టోబరులో సుప్రీంకోర్టులో ఓడిపోయింది. తొమ్మిదో సెక్షన్ కింద పోయినవాళ్ల పిల్లలకి ఎనిమిదో సెక్షన్ వర్తించదని కోర్టు చెప్పింది. మీ మేనల్లుడికి తెరిచి ఉన్న తలుపు వేరే ఉంది. ఓసీఐ తీసుకుని ఐదేళ్లు అయి, దరఖాస్తుకి ముందు పన్నెండు నెలలు ఇండియాలో నివాసం ఉంటే రిజిస్ట్రేషన్ ద్వారా అడగొచ్చు. ఓసీఐ ఏ తేదీన ఇచ్చారో ఆ పుస్తకంలో చూసి, అక్కడినుంచి ఐదేళ్లు లెక్కపెట్టండి. ఈలోపు వాడు వచ్చిన, వెళ్లిన తేదీలన్నీ ఒక నోటు పుస్తకంలో రాసి ఉంచండి.